చలికాలంలో గాలి పైకి లేవదా?

పిల్లలూ! "వేడి గాలి తేలిక, అందుకే పైకి పోతుంది" అని మీరంతా ఎప్పుడో ఒకప్పుడు పరీక్షలో రాసే ఉంటారు. మార్కులు కూడా పడే ఉంటాయి. ఆ ఒక్క వాక్యాన్నే పట్టుకొని చాలామంది ఇంకో మాట కూడా అనేస్తారు. "ఎండాకాలంలో గాలి వేడి కాబట్టి పైకి లేస్తుంది. చలికాలంలో గాలి చల్లన కాబట్టి ఎక్కడిదక్కడే పడి ఉంటుంది. గ్లైడరు ఎగరేయాలంటే ఏప్రిల్ దాకా ఆగాల్సిందే" అంటారు. చదువుకున్నవాళ్లే అంటారు!

నేను దీనికి ఒప్పుకోను. బడిపిల్లలు గ్లైడరు ఎగరేయడానికి మా నంద్యాల వైపు డిసెంబరు, జనవరి నెలలను మించిన కాలం లేదని నా వాదన. కారణాలు చెబుతాను, మీరే తేల్చండి.

గ్లైడరుకు ఇంజను ఉండదు. రేడియోతో నడిపే చిన్న గ్లైడరులో ఉండే బ్యాటరీ తోకను, రెక్కల అంచులను కదపడానికే గాని ముందుకు తోయడానికి కాదు. చేత్తో గిరుక్కున తిరిగి విసిరే రకం ఒకటుంది. దాని రెక్కల పొడవు ఈ కొసనుంచి ఆ కొసకు ఒకటిన్నర మీటరు, బరువు ఇంచుమించు పావుకిలో. కదలని గాలిలో అది సెకనుకు అర మీటరు కన్నా కాస్త తక్కువగా దిగుతూ ఉంటుంది. నలభై మీటర్ల ఎత్తుకు విసిరితే ఒకటిన్నర నిమిషంలో నేల మీదికి వచ్చేస్తుంది. అయితే దాని చుట్టూ ఉన్న గాలే సెకనుకు ఒక మీటరు చొప్పున పైకి లేస్తోందనుకోండి. అప్పుడు గ్లైడరు గాలిలో దిగుతూనే, గాలితోపాటు సెకనుకు అర మీటరు చొప్పున పైకి పోతుంది. పైకి నడిచే మరమెట్ల మీద మెల్లగా కిందికి దిగే మనిషిలా అన్నమాట. ఇలా లేచే గాలి స్తంభాన్ని థర్మల్ అంటారు. గ్లైడరు ఆటంతా దాన్ని వెతుక్కోవడంలోనే ఉంది.

ఇక అసలు సంగతి. గాలి లేవాలంటే అది వేడిగా ఉండనక్కరలేదు. తన చుట్టూ ఉన్న గాలికన్నా వెచ్చగా ఉంటే చాలు. 20 డిగ్రీల గాలి 18 డిగ్రీల గాలి మధ్యలో ఉంటే లేస్తుంది. 42 డిగ్రీల గాలి 42 డిగ్రీల గాలి మధ్యలో ఉంటే కదలదు. చూడవలసింది తేడాను. పరీక్షలో రాసే వాక్యంలో ఈ "చుట్టూ ఉన్న గాలికన్నా" అన్న ముక్క జారిపోవడం వల్లనే ఇంత గందరగోళం వచ్చింది.

పొద్దున్నే లేచి ఊరివైపు చూడండి. జనవరిలో ఆరున్నరకు కట్టెల పొయ్యి నుంచి వచ్చిన పొగ మిద్దెలపైన కొంత ఎత్తుకు పోయి, అక్కడ ఎవరో పలక అడ్డం పెట్టినట్టు పక్కకు పరుచుకుంటుంది. మబ్బులేని రాత్రి నేల తన వేడినంతా ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడుతుంది, దానిపైన ఉన్న గాలి వెచ్చగానే మిగులుతుంది. మామూలుగా పైకి పోయేకొద్దీ చల్లబడాలి కదా, ఇక్కడ తారుమారైంది. దీన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. చలికాలంలో గాలి లేవదని చెప్పేవాళ్లు బహుశా పొద్దున్న ఏడింటికి చూసి చెప్పి ఉంటారు!

ఈ మూత ఎప్పుడు తెరుచుకుంటుందో లెక్క కట్టవచ్చు. పైకి లేచే పొడిగాలి ప్రతి 100 మీటర్లకు దాదాపు ఒక డిగ్రీ చల్లబడుతుంది. తెల్లవారుజామున నేల దగ్గర 16 డిగ్రీలు, 300 మీటర్ల ఎత్తున 21 డిగ్రీలు ఉందనుకోండి. నేల దగ్గరి గాలి అక్కడిదాకా లేచేసరికి 3 డిగ్రీలు పోగొట్టుకుంటుంది. కాబట్టి కింద 24 డిగ్రీలకు చేరితే తప్ప అది ఆ మూతను దాటలేదు. నేల దగ్గర 16 నుంచి 24కు రావాలంటే పొద్దు బాగా ఎక్కాలి. అందుకే చలికాలంలో ఉదయం పది, పదకొండు గంటల ముందు గ్లైడరు విసరడం చేతి నొప్పికే. ఆ తర్వాత మధ్యాహ్నం మూడు దాకా మంచి సమయం.

"అంత నీరసపు ఎండలో నేల వేడెక్కుతుందా?" అంటారేమో. మన ఊరు భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 15½ డిగ్రీల మీద ఉంది. డిసెంబరు 22న కూడా మిట్టమధ్యాహ్నం సూర్యుడు దిగంతం నుంచి 51 డిగ్రీల ఎత్తున ఉంటాడు. అదే రోజు లండనులో ఆ ఎత్తు 15 డిగ్రీలు మాత్రమే. మన నడిచలికాలపు సూర్యుడు వాళ్లకు ఏప్రిల్ చివరలో కనిపించే సూర్యుడితో సమానం. అక్కడివాళ్లు ఆ పదిహేను డిగ్రీల ఎండలో కూడా, వేళ్లు కొంకర్లు పోతున్నా, గ్లైడర్లు ఎగరేస్తారు. మనం స్వెట్టరు వేసుకొని బడి గదిలో కూర్చుంటాం.

పైగా చల్లగాలి చిక్కన. 15 డిగ్రీల గాలి 35 డిగ్రీల గాలికన్నా సుమారు 7 శాతం ఎక్కువ సాంద్రంగా ఉంటుంది. అదే గ్లైడరు అందులో 3 శాతం మెల్లగా దిగుతుంది. ఇది చిన్న లాభమే, ఒప్పుకుంటాను. పెద్ద లాభం వేరే ఉంది. మే నెలలో 40 డిగ్రీలు దాటిన ఎండలో చేలో నిలబడి ఆకాశం చూడమని ఏ తండ్రీ పిల్లల్ని పంపడు, పంపకూడదు కూడా. అప్పటి థర్మల్స్ కూడా మోటుగా ఉండి, కొత్తవాడి గ్లైడరును తిరగేసి కొడతాయి. చలికాలపు థర్మల్ సన్నగా, నిదానంగా, తక్కువ ఎత్తులో ఉంటుంది. చిన్న చుట్లు చుట్టాలి, ఓపిక పట్టాలి. నేర్చుకునేవాడికి అదే మంచిది.

మరి ఎక్కడ వెతకాలి? మా బండి ఆత్మకూరు చుట్టుపక్కల నేలే ఒక ప్రయోగశాల. తూర్పున నల్లమల, పడమట కుందూ నది, మధ్య కె.సి. కాలువ కింద వరిమళ్లు, వాటిని దాటితే నల్లరేగడిలో శనగ. తడిమడిలో పడిన ఎండలో చాలా భాగం నీటిని ఆవిరి చేయడానికే ఖర్చైపోతుంది, నేల వేడెక్కదు. వరి కోసి ఎండిన మడి, దున్ని వదిలిన నల్లనేల, ధాన్యం ఆరబోసే కల్లం, తారురోడ్డు - ఇవి త్వరగా వేడెక్కుతాయి. తడి, పొడి కలిసే గట్టు దగ్గర, అందులోనూ గాలివాలున ఒక చెట్ల వరస అడ్డుగా ఉన్నచోట, థర్మల్ నేలను వదిలి లేవడానికి ఎక్కువ అవకాశం ఉంది. ఒక థర్మామీటరు తీసుకొని వరిమడి గట్టున, దున్నిన చేలో పక్కపక్కనే కొలిచి చూడండి. నా మాట నమ్మనక్కరలేదు.

కొండ సంగతి కూడా చెప్పాలి. ఓంకారం దగ్గర నల్లమల వాలు చూసి, "గాలి కొండకు తగిలి లేస్తుంది, అక్కడ ఎగరేద్దాం సార్" అని పిల్లలు అడుగుతుంటారు. గాలి కొండకు తగిలి లేచే మాట నిజమే. కాని మనం ఉన్నది కొండకు పడమటి వైపు. నైరుతి రుతుపవనాల నెలల్లో పడమటి గాలి ఆ వాలును ఢీకొని లేస్తుంది. చలికాలంలో గాలి ఈశాన్యం నుంచి, తూర్పు నుంచి వస్తుంది. అప్పుడు మనం కొండచాటున ఉంటాం. అక్కడ గాలి లేవకపోగా కిందికి దిగుతుంది. చలికాలంలో ఆ వాలు పనికొచ్చేది గాలి మందగించిన రోజున, పడమటి ఎండ రాళ్లను కాచిన తర్వాత, మధ్యాహ్నం రెండు మూడు గంటలకు మాత్రమే.

వీటన్నిటికన్నా నమ్మకమైన గుర్తు గద్ద. రెక్క ఆడించకుండా చుట్లు తిరుగుతూ పైకి పోతోందంటే దాని కింద థర్మల్ ఉన్నట్టే. ఈ మాటను మన దేశంలోనే ఏళ్ల తరబడి పరిశీలించి రాసిన వాడొకడున్నాడు. ఎర్నెస్ట్ హాన్‌బరీ హాంకిన్ అనే ఇంగ్లీషు సూక్ష్మజీవుల శాస్త్రవేత్త ఆగ్రాలో ఉద్యోగం చేస్తూ, గంగా యమునల నీటిలో కలరా క్రిములు ఎలా చచ్చిపోతున్నాయో 1896లో రాశాడు. అదే మనిషి ఆగ్రా ఆకాశంలోని గద్దలను, రాబందులను గంటలకొద్దీ చూసి 1913లో 'యానిమల్ ఫ్లైట్' అనే పుస్తకం ప్రచురించాడు. తేలికైన గద్దలు పొద్దున ముందు లేస్తాయని, బరువైన రాబందులు ఎండ ముదిరాకే లేస్తాయని గమనించాడు. ఆయన దగ్గర గొప్ప పరికరాలేవీ లేవు. కళ్లు, గడియారం, నోటుపుస్తకం. ఇప్పుడు మీకు రాబందు కనబడటం కష్టం. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు వాటిని తుడిచిపెట్టింది. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించేనాటికే చాలా ఆలస్యమైంది. గద్దలు ఉన్నాయి. మన జిల్లాలోనే రోళ్లపాడు గడ్డిమైదానాలకు మధ్య ఆసియా నుంచి హారియర్ జాతి డేగలు వస్తాయి, అదీ సరిగ్గా చలికాలంలోనే. చల్లగాలి లేవదనే మాట వాటికెవరూ చెప్పలేదు కాబోలు!

పక్షి లేనప్పుడు గాలినే అడగాలి. వెదురుకర్ర కొసకు పాత క్యాసెట్టు టేపు ముక్క కట్టి నిలబెట్టండి. గాలికి ఎదురుగా నిలబడండి. ఉన్నట్టుండి ఎదురుగాలి తగ్గితే థర్మల్ మీ ముందు ఉంది, నేలగాలిని తనవైపు లాక్కుంటోంది. గాలి ఒక్కసారి పెరిగితే అది మీ వీపు వెనక్కు పోయింది. పత్తి ఏరిన చేలోంచి దూది పింజ ఒకటి లేచి, కిందికి రాకుండా పోతోందంటే ఇంకేం కావాలి? కల్లంలో తూర్పారబట్టే రైతుకు ఈ గాలి తెరలు బాగా తెలుసు. ఎప్పుడు చేట ఎత్తాలో, ఎప్పుడు ఆగాలో ఆయన్ని అడగండి.

ఇక పెద్దలతో నా పేచీ. గాలి లేచే గంటలు పదకొండు నుంచి మూడు. సరిగ్గా అవే గంటల్లో పిల్లలను గదిలో కూర్చోబెట్టి, బీకరులో పర్మాంగనేటు పలుకు వేసి సంవహనం చూపిస్తున్నాం. బీకరు చెడ్డదని కాదు. కాని దాని దగ్గరే ఆగిపోతే, కిటికీ బయట అదే పాఠం కిలోమీటరు ఎత్తున జరుగుతోందని పిల్లవాడికి ఎవరు చెబుతారు? పదో తరగతి వాళ్లకు మార్చిలో పరీక్షలు, వాళ్లను వదిలేద్దాం. ఎనిమిది, తొమ్మిది తరగతులకు జనవరిలో వారానికి రెండు పీరియడ్లు కలిపి ఇవ్వడానికి ఏం అడ్డు? ఆటల పీరియడు పక్కన సైన్సు పీరియడు పెడితే సరిపోతుంది.

"రేడియో గ్లైడరు వేలల్లో ఉంటుంది, పల్లె బడి ఎక్కడ తెస్తుంది?" అంటారు. నిజమే. నేనెరిగిన ఒక బడిలో నాలుగు పంకాల డ్రోను కొన్నారు, అది అద్దాల బీరువాలో ఉంది. అధికారి వస్తే తీస్తారు. డ్రోను మంచి యంత్రమే, దాని పనులు దానికున్నాయి. కాని అది మోటారు బలంతో నిలబడుతుంది, కింద గాలి ఏం చేస్తోందో పిల్లవాడికి చెప్పదు. గాలి నేర్పాలంటే థర్మోకోల్ పలక, చీపురుపుల్ల, ముక్కుకు కాస్త బంకమట్టి చాలు. అలాంటి గ్లైడరు నూరుసార్లు విసిరి, ఏ గట్టు దగ్గర ఎన్ని సెకన్లు నిలిచిందో రాసుకున్న తరగతికి ఒక రేడియో గ్లైడరు ఇవ్వండి. నాలుగైదు బడులకు కలిపి ఒకటి ఉన్నా చాలు, వారానికొక బడికి తిరుగుతుంది. ముందే రేడియో పెట్టె చేతికిస్తే పిల్లవాడు పెట్టెను చూస్తాడు, ఆకాశాన్ని చూడడు.

ఆడపిల్లలు ఎండలో తిరగరాదని ఎవరైనా అంటే, జనవరి ఎండలో పత్తి ఏరేది ఎవరో వాళ్లను అడగండి.

డిసెంబరు 1 నుంచి ఫిబ్రవరి చివరిదాకా, మీ ఊళ్లో మొదటి గద్ద చుట్లు తిరగడం మొదలుపెట్టిన సమయం రోజూ రాయండి. ఆ పూట మంచు పడిందా, పొగ ఎంత ఎత్తున ఆగింది, గాలి ఏ వైపు నుంచి వచ్చింది అనేవి పక్కన రాయండి. సెలవు రోజు కూడా మానొద్దు, సంక్రాంతినాడు గాలిపటాల మధ్య గద్దను గుర్తుపట్టడం కాస్త కష్టమే అయినా. గ్లైడరును కరెంటు తీగలకు, కాలువకు దూరంగా విసరండి. అది శనగచేలో పడితే చేను గలవాళ్లను అడిగి, సాళ్ల మధ్య అడుగులు వేస్తూ వెళ్లి తెచ్చుకోండి. చెప్పుల్లేకుండా పోకండి, శనగాకు పులుపు కాళ్లకు మంట పెడుతుంది.