చక్రాల మధ్య సయోధ్య : డిఫరెన్షియల్ నేర్పే పాఠం

యంత్రాల బలాన్ని గురించి మనలో ఒక అపోహ పాతుకొనిపోయినది. ఏదైనా ఒక భాగం విరిగినప్పుడు, అంతకంటే మందమైన ఇనుము తెచ్చి గట్టిగా బిగిస్తే చాలునని, ఇక అది విరగదని తలుస్తాము. ఈ తలంపు సరియైనది కాదని నిరూపించే యంత్రభాగం ఒకటి మన ప్రాంతంలోని ప్రతి ట్రాక్టరులోను, ప్రతి లారీలోను ఉన్నది. దాని పేరు డిఫరెన్షియల్. నైట్రో ఇంధనంతో పరుగెత్తే రేడియో నియంత్రిత పందెపు బగ్గీలలో అదే భాగం అరచేతిలో ఇమిడే పరిమాణంలో ఉంటుంది. ఈ భాగాన్ని విప్పి, కొలిచి, తిరిగి అమర్చే పనికి మన కళాశాలలో విద్యగా చోటు లభించాలని విద్యార్థి మిత్రులకు, కళాశాల కమిటీ పెద్దలకు విన్నవించుకొనుటే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా దాని ప్రయోజనమేమిటో చూద్దాము. బండి మలుపు తిరిగినప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం నడవవలసి ఉంటుంది. రెండు చక్రాల మధ్య ఎడం 1.5 మీటర్లయితే, బండి ఒక పూర్తి చుట్టు తిరిగేసరికి బయటి చక్రం సుమారు 9.4 మీటర్లు అదనంగా నడుస్తుంది. రెండు చక్రాలనూ ఒకే ఇరుసుకు బిగించివేస్తే ఏదో ఒకటి నేలను రాచుకుంటూ ఈడ్వబడుతుంది. టైరు అరుగుతుంది, ఇరుసు మెలిపడుతుంది. 1820ల చివర ఫ్రాన్సు దేశస్థుడైన ఒనెసిఫోర్ పెకర్ అనే గడియారాల నిపుణుడు ఆవిరి బండి కోసం ఈ చిక్కును విడదీశాడు. 1877లో ఇంగ్లండులో జేమ్స్ స్టార్లీ అదే సూత్రాన్ని మూడు చక్రాల సైకిలుకు అమర్చాడు. ఆ సూత్రం మిక్కిలి సరళమైనది. రెండు చక్రాల వేగాల సగటు ఎల్లప్పుడూ క్రౌన్ చక్రపు వేగానికి సమానం. ఒకటి ఎంత తగ్గితే రెండవది అంత పెరుగుతుంది. ఒకటి పూర్తిగా ఆగిపోతే రెండవది రెండింతల వేగంతో తిరుగుతుంది.

ఈ సద్గుణమే ఒక్కొక్కప్పుడు దోషమవుతుంది. పోచారం, నిజాంసాగర్ జలాశయాల కింద వరి పండించే మన రైతుకు ఇది పుస్తకం చదవకుండానే తెలుసు. కరిగెటలో ట్రాక్టరు చక్రం ఒకటి లోతైన బురదలో దిగబడితే, ఆ చక్రమే గిర్రున తిరుగుతుంది. గట్టినేల మీద ఉన్న చక్రం కదలదు. కారణమేమనగా, డిఫరెన్షియల్ రెండు వైపులకూ సమానమైన బలాన్నే పంపుతుంది. పట్టులేని చక్రం ఎంత బలాన్ని స్వీకరించగలదో, పట్టున్న చక్రానికీ అంతే దక్కుతుంది. అందుకే ట్రాక్టరులో డిఫరెన్షియల్ లాక్ అనే ఏర్పాటు ఉన్నది. దాని పెడల్ తొక్కితే రెండు ఇరుసులూ ఒక్కటై బండి బయటపడుతుంది. కాని లాక్ వేసి ఉంచి మలుపు తిప్పితే పళ్ళు గాని, ఇరుసు గాని విరగవచ్చు. పూర్తి స్వేచ్ఛ బురదలో పనికిరాదు. పూర్తి బంధనం మలుపులో పనికిరాదు.

ఈ రెండింటికీ నడుమ గల మార్గాన్ని ఆటబండి చూపుతుంది. ఎనిమిదవ వంతు కొలతగా చెప్పబడే నైట్రో బగ్గీ ఇంజను కేవలం 3.5 ఘన సెంటీమీటర్లది. అయినా నిమిషానికి ముప్పది వేలకు మించిన చుట్లు తిరుగుతుంది. నాలుగు చక్రాలకూ శక్తి అందించే ఈ బండిలో ముందొకటి, నడుమనొకటి, వెనుకనొకటి, మొత్తం మూడు డిఫరెన్షియళ్ళుంటాయి. వాటి నియంత్రణ అంతా లోపల పోసే సిలికోన్ నూనె చిక్కదనంలో ఉన్నది. ఆ చిక్కదనాన్ని సెంటీస్టోకులలో కొలుస్తారు. నీటిది సుమారు 1. బగ్గీ ముందు భాగంలో 5000 నుండి 7000 వరకు, వెనుక భాగంలో 2000, 3000 ప్రాంతాన వాడుట పరిపాటి.

ముందు నూనె చిక్కనైతే, మలుపు నుండి బయటపడేటప్పుడు బండి చక్కగా లాగుతుంది. కాని మలుపులోనికి దిగేటప్పుడు వంగుటకు మొరాయిస్తుంది. నడిమి నూనె పలుచనైతే, వేగం పెంచగానే తేలికపడిన ముందు చక్రాలు వృథాగా తిరుగుతాయి. చిక్కనైతే శక్తి వెనుకకు చేరుతుంది గాని, నున్నని నేలపై వెనుక భాగం జారిపోతుంది. పందెం సాగేకొద్దీ వేడికి నూనె పలుచబడి, బండి నడక మారుతుంది. భౌతికశాస్త్రంలో మనం స్నిగ్ధత అనే మాటను చదివి, నిర్వచనాన్ని కంఠస్థం చేసి, పరీక్ష అయిన మరునాడే మరచిపోతున్నాము. నూనె మార్చి, బండిని మలుపులో తిప్పి చూసిన విద్యార్థి ఆ మాటను జన్మలో మరువడు.

ఇక బలపరచుట విషయం. చిన్న పినియనుకు పది, పదమూడు పళ్ళుంటే, క్రౌనుకు నలభైకి పైగా ఉంటాయి. పళ్ళు ఊడినప్పుడు అందరూ లోహాన్ని నిందిస్తారు. తరచుగా దోషం లోహానిది కాదు, ఎడానిది. పెట్టె కొద్దిగా వంగినా, బేరింగులు అరిగినా, పళ్ళు పూర్తిగా పెనవేసుకొనక కొనలతో మాత్రమే తాకుతాయి. భారమంతా కొనల మీద పడి అవి రాలిపోతాయి. దీనికి చికిత్స 0.1 లేక 0.2 మిల్లీమీటరు మందం గల పలుచని షిమ్ము. అది తక్కువైతే పళ్ళు ఎగురుతాయి. ఎక్కువైతే బిగుసుకొని వేడెక్కి అరుగుతాయి. గట్టి ఉక్కు పినియను, ఏటవాలు పళ్ళ క్రౌను మేలైనవే. కాని సరియైన ఎడం లేనిచోట అవి కూడ నిలువవు. బిగింపు కంటే అమరికే బలమన్న సత్యం ఇంతకంటే స్పష్టంగా మరెక్కడ కనిపించగలదు?

ఈ విద్య మన పట్టణానికి కొత్తది కాదు. కామారెడ్డి జాతీయ రహదారి మీది ఊరు. ఇటువంటి ఊళ్ళ లారీ షెడ్లలో పనిచేసే ఉస్తాదులు క్రౌన్ పినియన్ పళ్ళకు రంగు పూసి, తిప్పి, రంగు చెరిగిన చోటును బట్టి షిమ్ము మందాన్ని నిర్ణయిస్తారు. బండి లాగేటప్పుడు వచ్చే చప్పుడు వేరని, వదిలినప్పుడు వచ్చేది వేరని చెవితోనే గుర్తిస్తారు. ఇంతటి జ్ఞానం ఎక్కడా వ్రాయబడక వారితోనే అంతరించిపోతున్నది. మరొకవైపు పట్టా పుచ్చుకొన్న మన విద్యార్థి పానా పట్టుకొనుటకు సిగ్గుపడుతున్నాడు. గల్ఫు దేశాలకు వలసవెళ్ళే యువకులు అధికంగా గల ప్రాంతం మనది. చేతిపనితోపాటు కొలతలు చదివి, వ్రాసి, వివరించగలవానికి అక్కడ గాని ఇక్కడ గాని దక్కే గౌరవం వేరు.

ఇది ధనవంతుల వినోదమని, నైట్రో ఇంధనంలోని మిథనాల్, నైట్రోమిథేన్ ప్రమాదకరమైనవని కొందరు ఆక్షేపించవచ్చు. ఆక్షేపణ న్యాయమైనదే. కాని మనకు కావలసినది పందెం కాదు, పాఠం. ఇంజను గాని, ఇంధనం గాని అవసరం లేదు. ఒక నమూనా బగ్గీ డిఫరెన్షియల్, నాలుగైదు రకాల నూనె, కొన్ని షిమ్ములు, ఒక మైక్రోమీటరు చాలును. వాటి పక్కన పాత ఇనుము దుకాణం నుండి తెచ్చిన ట్రాక్టరు డిఫరెన్షియల్ ఒకటి ఉంచితే, చిన్నదానిలో నేర్చినది పెద్దదానిలో సరిచూసుకొనవచ్చును.

అందుచేత కమిటీ వారికి మూడు మనవులు. ప్రయోగశాలలో ఒక బల్ల దీనికి కేటాయించాలి. నెలకొకసారి పట్టణంలోని ఉస్తాదులను ఆహ్వానించి, అధ్యాపకునికి ఇచ్చే గౌరవంతో, తగిన పారితోషికంతో పాఠం చెప్పించాలి. వారు చెప్పినదానిని విద్యార్థులు ఉర్దూలోను, తెలుగులోను వ్రాసి చిన్న పుస్తకంగా వెలువరించాలి. షెడ్డులో పలికే ఉస్తాద్, మిస్త్రీ, పానా వంటి మాటలు రెండు భాషలవారికీ ఉమ్మడి సొత్తు కనుక ఈ పని మన కళాశాలకు సహజంగా అబ్బుతుంది.

చేతితో చేసినదానిని కలంతో వ్రాయుట మన సంప్రదాయమే. 1206లో తన యంత్రగ్రంథాన్ని ముగించిన అల్ జజరీ ఆస్థాన శిల్పి. తాను నిర్మించిన నీటి యంత్రాలను, గడియారాలను ఇతరులు తిరిగి నిర్మించుకొనేలా చిత్రాలతో వివరించాడు. ఆయన దృష్టిలో పండితుడు వేరు, పనివాడు వేరు కాదు. మన విద్యాలయాలు ఆ ఇద్దరినీ విడదీశాయి. కలము, పానా వేర్వేరు వేగాలతో నడవవచ్చు. అవి ఒకే బండి చక్రాలన్న సంగతి మరువరాదు. ఈ విద్యాసంవత్సరంలోనే ఆ బల్లకు చోటు చూపవలసినదిగా కోరుతున్నాను.