గడప లోపలి ధమ్మం

నక్కపల్లి, పాయకరావుపేట, నర్సీపట్నం ప్రాంతాల నుంచి విశ్వవిద్యాలయానికి వచ్చే దళిత, మత్స్యకార, గిరిజన కుటుంబాల విద్యార్థులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. ‘బాబాసాహెబ్ చూపిన దారిలో బౌద్ధులం అవుతామంటున్నాం. భిక్షువులం కాలేము. ఉద్యోగం వెతుక్కోవాలి, ఇంటి అప్పు తీర్చాలి, చెల్లెలి పెళ్లి చేయాలి. ఇలాంటి బతుకులో బౌద్ధాన్ని ఆచరించడం అంటే ఏమిటి?’ పంచశీల వల్లించమనో, రోజూ కాసేపు కళ్లు మూసుకుని కూర్చోమనో చెప్పి పంపవచ్చు. కాని కుల సమాజంలో సంసారం చేస్తున్న మనిషికి ఆ సమాధానం చాలదు.

అంబేద్కర్ ఈ ప్రశ్నను ముందే ఊహించారు. 1956 మే నెలలో బీబీసీ ప్రసంగంలో తాను బౌద్ధాన్ని ఎందుకు ఇష్టపడుతున్నారో చెబుతూ మూడు సూత్రాలను పేర్కొన్నారు: ప్రజ్ఞ, కరుణ, సమత. ప్రజ్ఞ అంటే మూఢనమ్మకానికీ, మానవాతీత శక్తులపై ఆధారపడటానికీ ఎదురు నిలిచే అవగాహన అని ఆయనే వివరించారు. అదే ఏడాది అక్టోబరు 14న నాగపూర్‌లో చేయించిన 22 ప్రతిజ్ఞలలో కరుణను, మైత్రిని నిత్యజీవితంలో పాటించాలన్నది కూడా ఉంది. ‘నిత్యజీవితంలో’ అన్న మాటను మనం గమనించాలి. ఆ రోజు ఆయన ఎదుట నిలిచిన లక్షలాది మంది ఆరామాలకు కాదు, మర్నాడు తిరిగి కూలికి, మిల్లుకు, వంటింటికి వెళ్లవలసినవారు. ఆ ప్రతిజ్ఞలు వారి కోసమే పుట్టాయి.

గృహస్థుల ధమ్మం తెలుగు నేలకు కొత్తది కాదు. అమరావతి మహాచైత్యానికి దానాలిచ్చినవారి పేర్లు శాసనాలలో ఉన్నాయి. వారిలో రాజులకన్నా సామాన్యులే ఎక్కువ. విధికుడు అనే చర్మకారుడు వారిలో ఒకరు. ఉపాధ్యాయుడైన నాగుని కుమారుడిగా తనను చెప్పుకున్న ఆయన తల్లితో, భార్యతో, సోదరులతో, బిడ్డలతో, బంధుమిత్రులతో కలిసి పూర్ణఘటం చెక్కిన శిలాఫలకాన్ని సమర్పించారు. తండ్రి చదువు చెప్పేవారు, కొడుకు తోలుపని చేసేవారు, ఆ ఇంటిపేరు చైత్యం మీదికి ఎక్కింది. ఆ తర్వాతి శతాబ్దాలు అదే వృత్తి చేసేవారిని ఊరి వెలుపలికి నెట్టాయి. మనం పోగొట్టుకున్నది శిల్పాలను మాత్రమే కాదు, అలాంటి దానం సాధ్యమైన సమాజాన్ని కూడా.

ఈ నష్టం ఎంత లోతైనదో తెలుసుకోవడానికి నక్కపల్లి విద్యార్థులు దూరం వెళ్లనక్కరలేదు. జాతీయ రహదారి వెంట అనకాపల్లి చేరితే, పక్కనే శంకరం ఉంది. సంఘారామం అన్న మాటే శంకరంగా మారిందని, బుద్ధుని కొండే బొజ్జన్నకొండ అయిందని చరిత్రకారులు చెబుతారు. 1907–08లో అలెగ్జాండర్ రే అక్కడ తవ్వకాలు జరిపారు. రాతిని తొలిచి చేసిన మొక్కుబడి స్తూపాలు వరుసలు తీరిన పక్క కొండను జనం లింగాలకొండ అన్నారు, ఎందుకంటే ఆ స్తూపాలు వారికి లింగాలుగా కనిపించాయి. బొజ్జన్నకొండ మీది ఒక రూపాన్ని రాక్షసుడని నమ్మి కనుమ నాడు రాళ్లు రువ్వే ఆచారం చాలాకాలం సాగింది. రువ్వినవారిలో ఎక్కువమంది పేదలే అయి ఉంటారు. తమ పూర్వులకు ఆశ్రయమిచ్చిన చోటును శత్రుస్థానమని తరతరాలుగా వారికి ఎవరో నేర్పారు. వారిని నిందించి ప్రయోజనం లేదు. ఎవరు నేర్పారు, ఎందుకు నేర్పారు అని అడగడమే ప్రజ్ఞకు తొలిమెట్టు.

ప్రజ్ఞ అంటే పట్టా కాదు. డాక్టరేట్లు ఉండి కూడా ముహూర్తం చూడనిదే గృహప్రవేశం చేయనివారిని, కులం అడగనిదే ఇల్లు అద్దెకివ్వనివారిని విశ్వవిద్యాలయాలలో చాలామందిని చూశాను. బుద్ధుడు చెప్పిన ప్రతీత్యసముత్పాదం గృహస్థు చేతిలో ఒక సాదా ప్రశ్నగా మారాలి: ఈ దుఃఖానికి కారణం ఏమిటి? 2024 ఆగస్టు 21న ఇదే జిల్లాలోని అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలో, ఒక ఔషధ కర్మాగారంలో జరిగిన పేలుడులో 17 మంది మరణించారు. ‘వాళ్ల రాత’ అనుకునే సమాజంలో నష్టపరిహారం చెక్కుతో కథ ముగుస్తుంది. కారణం అడిగే సమాజం భద్రతా తనిఖీలను, కాంట్రాక్టు పని పద్ధతిని, పర్యవేక్షణను ప్రశ్నిస్తుంది. నక్కపల్లి ఔషధ పరిశ్రమల పార్కుకు 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. అదే ఏడాది రాజయ్యపేట మత్స్యకారులు సముద్రం, వేట, ఆరోగ్యం ఏమవుతాయని నిరసనకు దిగారు. వారు అడిగింది కారణకార్య సంబంధం గురించే. ఆ ప్రశ్నను అభివృద్ధి వ్యతిరేకతగా కొట్టిపారేయడం అవిద్య.

ఇక కరుణ. తెలుగులో మనం జాలి, దయ, కరుణ అనే మాటలను ఒకే అర్థంలో వాడేస్తుంటాం. జాలి పై నుంచి కిందికి జారుతుంది. మిగిలిన కూర పనిమనిషికి పెట్టి, ఆమె తాగే గ్లాసును మాత్రం వేరే గూట్లో ఉంచే ఇళ్లు మనకు తెలుసు. అక్కడ జాలి ఉంది, కరుణ లేదు. అంబేద్కర్ కరుణ పక్కనే సమతను నిలపడంలోని అంతరార్థం ఇదే. ఎదుటి మనిషిని సమానంగా చూడలేని మనసు పెట్టే అన్నం కూడా ఆ మనిషిని చిన్నబుచ్చుతుంది.

ఇక్కడే విద్యార్థులు మరో ప్రశ్న వేస్తారు. అది న్యాయమైనది, కఠినమైనది కూడా. ‘తరతరాలుగా దెబ్బలు తిన్నవాళ్లం మేము. మమ్మల్ని తొక్కినవారి మీద కరుణ చూపమని మాకే చెబుతారా?’ కరుణ అంటే క్షమాపత్రం రాసివ్వడం కాదని నా సమాధానం. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. బాధితులు కత్తికి కత్తి అనలేదు. ఆ ఊళ్లోనే ప్రత్యేక న్యాయస్థానం కావాలని పోరాడి సాధించారు. 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. ఆ తీర్పుల మంచిచెడ్డలు వేరే చర్చ. ఇన్నేళ్ల పాటు ప్రతీకారాన్ని కాక న్యాయాన్ని అడగడమే నా దృష్టిలో కరుణ. అది బలహీనుల సహనం కాదు. తమ బిడ్డలకు ఎదురైనది మరెవరి బిడ్డలకూ ఎదురుకాకూడదనే పట్టుదల. అత్యాచారాల నిరోధక చట్టం కింద ఫిర్యాదు చేసే దళితుడు కరుణను తప్పినట్టు కాదు. ఆ ఫిర్యాదును వెనక్కి తీసుకోమని రాజీ కుదిర్చే పెద్దమనిషే తప్పుతున్నాడు.

గృహస్థు ఏం చేయాలో బుద్ధుడు సూటిగా చెప్పిన సందర్భం సిగాలోవాద సుత్తంలో ఉంది. తడిబట్టలతో, తడితలతో ఆరు దిక్కులకు మొక్కుతున్న సిగాలుడనే యువకుడికి ఆయన అసలు దిక్కులు మనుషులేనని బోధించారు: తల్లిదండ్రులు, గురువులు, భార్యాబిడ్డలు, మిత్రులు, పనివారు, శ్రమణులు. పనివారిది కింది దిక్కు. యజమాని వారి శక్తికి తగిన పని అప్పగించాలి, తిండి, జీతం ఇవ్వాలి, జబ్బు పడితే చూడాలి, రుచికరమైనది వండుకుంటే పంచాలి, తగిన వేళ సెలవు ఇవ్వాలి. నాటి సమాజంలో యజమాని, సేవకుడు అనే అంతరాన్ని ఈ సూత్రం రద్దు చేయలేదు, నిజమే. కాని యజమానికి బాధ్యతను విధించింది. 1942–46 మధ్య వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడిగా అంబేద్కర్ ఆ బాధ్యతను యజమాని మనసుకు వదలకుండా చట్టం వైపు నడిపించారు. శక్తికి తగిన పని అన్న మాటను గుర్తుంచుకుంటే, కర్మాగారాలలో రోజు పని పరిమితిని తొమ్మిది గంటల నుంచి పదికి పెంచాలని 2025లో రాష్ట్ర మంత్రివర్గం తీసుకున్న నిర్ణయాన్ని ఏ బౌద్ధ గృహస్థూ మౌనంగా దాటిపోలేడు. మన ఇంట్లో అంట్లు తోమే మనిషికి వారానికి ఒకరోజు జీతంతో సెలవు ఇస్తున్నామా అన్న ప్రశ్న కూడా అంతే ముఖ్యం.

ఈ ప్రశ్నలు ఆధిపత్య కులాలకే అని ఎవరైనా అనుకుంటే అదీ ప్రజ్ఞ కాదు. 2024 ఆగస్టు 1న ఎస్సీ ఉపవర్గీకరణపై సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక మాల, మాదిగ విద్యార్థుల మధ్య కొన్నిచోట్ల నడిచిన మాటల తీరు నన్ను కలవరపరిచింది. వర్గీకరణను సమర్థించవచ్చు, వ్యతిరేకించవచ్చు. గణాంకాలతో, వాదనలతో తేల్చుకోవలసిన విషయమది. కాని శతాబ్దాలుగా మనల్ని అవమానించిన పదజాలాన్నే మనం ఒకరిమీద ఒకరం వాడుకుంటే కులం గెలిచినట్టే. సభలో మనుస్మృతిని దుయ్యబట్టి, ఇంటికొచ్చి భార్య మీద చేయెత్తే ఉద్యమకారుడికీ ఇదే వర్తిస్తుంది. ఆమె కూడా సిగాలుడు మొక్కవలసిన దిక్కులలో ఒకటి.

కాబట్టి ఆ విద్యార్థులకు నేను చెప్పేది ఇది. ఏప్రిల్ 14న విగ్రహానికి పూలమాల వేయండి, శంకరం కొండలు ఎక్కండి, అక్కడి మెట్లను, స్తూపాలను కాపాడండి. అయితే ధమ్మం కొండమీద ఆగిపోకూడదు, మన గడప లోపలికి రావాలి. చెల్లెలి పెళ్లిలో కట్నం మాట వచ్చినప్పుడు, పక్కగదికి పారిశుద్ధ్య కార్మికుడి కొడుకు అద్దెకు వస్తానన్నప్పుడు, మీరే అధికారులై ఒక పేదవాడి దరఖాస్తు మీ బల్లమీదికి వచ్చినప్పుడు, కారణం అడిగే బుద్ధి, సమానంగా చూసే హృదయం మీకున్నాయో లేదో తేలుతుంది. బౌద్ధం ఆచరించామా అన్న లెక్క ఆ క్షణాలలోనే రాయబడుతుంది.