ఖర్చులేని కానుక



మా తిరుచానూరున కార్తిక బ్రహ్మోత్సవములలో పంచమీతీర్థమునాడు తిరుమలనుండి అమ్మవారికి పసుపు, కుంకుమ, చీరలతో సారె ఏనుగుపై వచ్చును. మన యింటి ఆడుబిడ్డలకును అట్టి గౌరవమే జరుగవలెనని మనకుండును; చేతిలో పైకము మాత్ర ముండదు.

మా ఆడుబిడ్డ తొలికాన్పునకు మేము అప్పుచేసి వెండి ఉగ్గుగిన్నె నిచ్చితిమి. ఉపాధ్యాయుని జీతముతో ఆ అప్పు తీరుటకు ఏడాది పట్టినది. గిన్నె నేటికిని పెట్టెలోనే యున్నది.

రెండవ కాన్పునకు బొంత కుట్టితిమి. ఉతికి యుతికి మెత్తబడిన నూలుచీరలు రెండు చాలును. జరీయంచులు తీసివేయవలెను; లేనిచో పసివాని యొడలు గీసికొనును. చీరలను మరుగునీట ముంచి, ఎండలో నారవేసి, నాలుగు పొరలుగా పరచి, నడుమనుండి అంచులవైపు కుట్టుకొని పోవలెను. అంచులనుండి మొదలిడినచో నడుమ ముడుతలు పడును. దారముతప్ప ఖర్చులేదు.

పైపొరకు గతించిన మా అత్తగారి చీర వాడితిమి. ఆడుబిడ్డ దానిని తడిమి, “వదినా, ఇది అమ్మచీర గదా!” యని కన్నీరు పెట్టుకొన్నది. ఆ బొంత నొక్కనాడును పెట్టెలో పెట్టలేదు.

మీ యింటి పాతచీరల నొకమారు వెదకి చూడుడు.