ఫార్మాటు అనే సర్వరోగనివారిణి

ల్యాప్‌టాపు నెమ్మదించిందంటే మరమ్మతు దుకాణాల్లో తరచు వినిపించే మాట: "ఫార్మాటు చేసేద్దామండీ." ఈ సలహాతోనే నాకు పేచీ. ఇంటి కంప్యూటరులో పదేళ్ళ ఫొటోలుంటాయి, ఎక్కడా అచ్చుకాని కథలుంటాయి. వాటికి నకలు ఉందా అని ముందుగా అడిగేవారు అరుదు.

నాడి చూడకుండా మందిస్తామా? విండోసులో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. సీపీయూ అన్న శీర్షికను నొక్కితే ప్రాసెసరును ఎక్కువగా వాడుకుంటున్న ప్రోగ్రాము పైకి వస్తుంది. (వివరాల జాబితాలో "సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్" 90 శాతం చూపితే కంగారుపడకండి, అది ఖాళీగా ఉన్న భాగం!) యాంటీవైరస్ తనిఖీయో, అప్‌డేటో అయితే కాసేపు ఓపిక పట్టవచ్చు. ముక్కూమొహం తెలియని ప్రోగ్రాము గంటల తరబడి నూరుశాతం తింటోందంటే మాత్రం అనుమానించాలి. దొంగచాటుగా క్రిప్టో నాణేలు తవ్వే మాల్‌వేర్ లక్షణం అదే.

ఇక ఫ్యానులో పేరుకున్న దుమ్ము. వేడెక్కిన ప్రాసెసరు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఫార్మాటు చేస్తే ఆ దుమ్ము ఎక్కడికి పోతుంది? కథలు పోతాయి గానీ!

ఫార్మాటు తప్పనిసరైన సందర్భాలు లేకపోలేదు. అప్పుడైనా నకలు తీసి, దాన్ని మరో యంత్రంలో తెరిచి చూసుకున్నాకే ల్యాప్‌టాపును దుకాణంలో ఇవ్వమంటాను.