పాత కంప్యూటరు మేలుకోకపోతే

వరంగల్ కొత్తవాడ నుంచి ఒక సోదరి రాశారు. ఇంట్లో పదిహేనేళ్ళ నాటి కంప్యూటరు ఉన్నది. కాలం చేసిన మామగారు కాగితాల మీద గీసిన జంపఖానా నమూనాలను వారబ్బాయి ఫోటోలు తీసి అందులో దాచాడట. కాగితాలు చెదలు తినేసినవి. ఇప్పుడు మీట నొక్కితే కంప్యూటరు లేవడం లేదు. పారేసి కొత్తది కొనుక్కోమన్నాడట మరమ్మతు చేసేవాడు. ఏం చేయమంటారని ఆమె ప్రశ్న.

అమ్మా, తొందరపడి పారేయకండి. నేతవారింటి కోడలికి నేను చెప్పాలా? పడుగులో ఒక పోగు తెగితే మగ్గం పీకేస్తామా? తెగిన పోగును వెదికి ముడి వేస్తాం. కంప్యూటరుకూ అదే పద్ధతి. గోడ దగ్గర మొదలుపెట్టి లోపలికి రావాలి. ఒకసారికి ఒక్కటే చూడాలి.

మీట నొక్కితే దీపం గానీ, పంకా చప్పుడు గానీ లేదా? గోడ ప్లగ్గుకు మరో దీపం తగిలించి కరెంటు వస్తున్నదో లేదో చూడండి. తీగ మార్చి చూడండి. పెట్టె వెనుక చిన్న మీట ఆపి ఉన్నదేమో చూడండి. అన్నీ బాగుంటే పవర్ సప్లైని అనుమానించాలి. ఇంటి 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులకు దించే డబ్బా అది. మార్పిస్తే సరి, కొత్త కంప్యూటరు ఖరీదులో అదెంత! దాన్ని మాత్రం ఇంట్లో విప్పవద్దు. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపల విద్యుత్తు నిలిచి ఉండి షాకు కొడుతుంది.

పంకా తిరుగుతూ తెర నల్లగా ఉంటే ముందు తెర తీగ బిగించండి. లోపలి నుంచి కీచుమని కూతలు వస్తే మెమరీ పలక వదులై ఉండవచ్చు. ప్లగ్గు తీసి, ఒంటి మీది స్థిర విద్యుత్తు పోయేందుకు పెట్టె ఇనుప భాగాన్ని ముట్టుకోండి. తరువాత పలక తీసి, దాని బంగారు రంగు అంచును పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు దులిపి, టక్కుమనేలా మళ్ళీ బిగించండి. చాలా పాత యంత్రాలు ఈ చిట్కా వైద్యానికే లేచి కూర్చుంటాయి. మగ్గాలున్న ఇంట్లో నూలు దూగర పంకాలకు పట్టుకుంటుంది. అప్పుడు యంత్రం వేడెక్కి కాసేపటికే ఆగిపోతుంది. మెత్తని బ్రష్షుతో దులపండి.

తేదీ తప్పుగా చూపి ఆగిపోతున్నదా? లోపల రూపాయి బిళ్ళంత 3 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. సిఆర్ 2032 అని అడిగితే వాచీల దుకాణంలో ఇస్తారు. అది మార్చి, తేదీ సరిదిద్దండి.

కంపెనీ పేరు కనబడి అక్కడే నిలిచిపోతే హార్డ్ డిస్కును చూడాలి. మీ మామగారి నమూనాలున్నది అందులోనే. టిక్కుటిక్కుమంటుంటే వెంటనే ఆపేయండి. నడిపిన కొద్దీ నష్టం పెరుగుతుంది. అటువంటి డిస్కును, ఉన్నది రాబట్టే పని తెలిసినవారికే ఇవ్వాలి. చప్పుడు లేకపోతే డిస్కును ఊడదీయించి, యుఎస్‌బి తీగతో మరో కంప్యూటరుకు తగిలించి చూడవచ్చు. పెట్టె మొత్తం చచ్చిపోయినా డిస్కు బతికి ఉండవచ్చు.

ఫార్మాట్ చేస్తే బాగవుతుందని ఎవరైనా అంటే, ముందు నమూనాలు వేరే చోటికి ఎక్కించి కళ్ళకు చూపించమనండి. ఫార్మాట్ అంటే పలక తుడిచేయడమే.

వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు నిలబడేది మీ ఇంట్లో ఉన్నటువంటి నమూనాల మీదనే. అవి చేతికి రాగానే ఒక ప్రతి మీ దగ్గర, ఒక ప్రతి ఆడపడుచుగారింట్లో ఉంచండి. మరొకటి కాగితం మీద అచ్చు వేయించండి. ఈసారి చెదలకు అందని చోట పెట్టండి.