స్టీరింగ్ మార్చాలా, కారే మార్చాలా?

పోయిన వారం మన గ్రూపులో ఒక చెల్లి అడిగింది. "అక్కా, రియాద్ నుంచి ఇంగ్లండ్ వచ్చేస్తున్నాం. కారు కూడా ఓడలో వేసి తెచ్చుకుందామని ఉంది. స్టీరింగ్ ఎడమ పక్క ఉంటుంది కదా, అక్కడికొచ్చాక కుడి పక్కకి మార్పిస్తే సరిపోతుందా?" కింద జవాబుల మీద జవాబులు. మార్చేయమని సగం మంది, వద్దని సగం మంది. మార్చేయమన్న వాళ్ళలో చాలామంది "మావారు చెప్పారు" అనే మొదలుపెట్టారు. ఫోన్‌లో అంత టైప్ చెయ్యలేక ఇక్కడ రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. స్టీరింగ్ మార్పించొద్దు. వీలైతే కారే తేవద్దు.

ఇది తేలిగ్గా అంటున్న మాట కాదు. సౌదీలో ఆడవాళ్ళు కారు నడపడానికి వీలైంది 2018 జూన్ 24 నుంచి. అంతకుముందు హాస్పిటల్ బస్సు కోసమో, మావారి సెలవు కోసమో ఎదురుచూసిన నర్సుల్లో నేనూ ఒకదాన్ని. తర్వాత లైసెన్సు తీసుకుని నా జీతంతో కొనుక్కున్న కారు అది. నైట్ డ్యూటీ దిగి నా అంతట నేను ఇంటికొచ్చిన మొదటి రోజు, ఇంటి ముందు ఆపి పది నిమిషాలు ఊరికే అందులోనే కూర్చున్నాను. అలాంటి బండిని ఎవరికో అమ్మేసి రావడానికి మనసొప్పలేదు. తెచ్చుకున్నాను.

ముందు రూల్స్ సంగతి. బ్రిటన్‌లో ఎడమ స్టీరింగ్ కారు నడపడం తప్పు కాదు, మార్చి తీరాలన్న చట్టమూ లేదు. హెడ్‌లైట్ వెలుగు ఎడమ వైపుకి వంగాలి, స్పీడోమీటర్ మైళ్ళు చూపించాలి, వెనక ఫాగ్ లైటు మధ్యలోగానీ కుడి పక్కగానీ ఉండాలి. కాపురం మార్చుకుని వచ్చేవాళ్ళు పన్నెండు నెలలు బయటి దేశంలో ఉండి, కారుని కనీసం ఆరు నెలలు వాడి ఉంటే, ముందే అప్లై చేసుకుంటే దిగుమతి పన్ను మినహాయింపు ఉంది. కానీ ఆ మినహాయింపుతో తెచ్చిన కారుని పన్నెండు నెలల దాకా అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, ఇంకొకళ్ళకి వాడుకోవడానికీ ఇవ్వకూడదు. లేదంటే ఆ పన్ను కట్టాల్సి వస్తుంది. "నచ్చకపోతే నెల తిరక్కుండా అమ్మేద్దాంలే" అన్న లెక్క ఇక్కడే తప్పుతుంది.

ఇక నడపడం. పార్కింగ్ టికెట్ మెషీన్ ఎప్పుడూ అవతలి పక్కే, వానలో దిగి చుట్టూ తిరిగి వెళ్ళాలి. అది చిరాకే, ప్రమాదం కాదు. ప్రమాదం ఓవర్‌టేక్‌లో ఉంది. రెండు వైపులా బళ్ళొచ్చే సన్న రోడ్డు మీద ముందు ట్రాక్టర్ ఉందనుకోండి. ఎడమ పక్క కూర్చున్న మనకి దాని వెనకభాగం తప్ప ఏమీ కనపడదు. ఎదురుగా ఎవరొస్తున్నారో తెలియాలంటే కారు సగానికి పైగా బయటికి తియ్యాలి. ఒకరోజు నేను అలా తియ్యబోతూ, కుడి సీట్లో ఉన్న మావాడిని "ఏమన్నా వస్తోందా నాన్నా?" అని అడిగాను. "రావట్లేదు, వెళ్ళమ్మా" అన్నాడు. వెళ్ళాను. ఏమీ కాలేదు. కానీ పన్నెండేళ్ళ పిల్లాడి మాట మీద ఇద్దరి ప్రాణాలు పెట్టానని ఇంటికొచ్చాక గానీ నాకు తట్టలేదు.

అప్పుడే గ్యారేజీకి వెళ్ళి స్టీరింగ్ మార్పిద్దామని అడిగాను. మెకానిక్ చెప్పిన లిస్టు విని నోట మాట రాలేదు. చక్రం ఒక్కటి ఇటు తిప్పి పెట్టడం కాదట. స్టీరింగ్ రాక్, డ్యాష్‌బోర్డు, పెడల్స్, వాటి ముందుండే బ్రేక్ సిలిండర్, వైపర్లు, వైరింగ్, ఎయిర్‌బ్యాగులు అన్నీ కదలాలి. ఇంజన్‌కీ మనకీ మధ్య ఉండే ఇనుప గోడకి కొత్తగా కంతలు పెట్టాలి. అదే మోడల్‌ని కంపెనీ కుడి స్టీరింగ్‌తో కూడా చేసుంటే పార్టులు దొరుకుతాయి, లేకపోతే అతికింపులే. ఇనప గొలుసో అడ్డ రాడ్డో వేసి స్టీరింగ్‌ని అవతలికి లాగేవాళ్ళూ ఉంటారట, అది తెగితే ఇంకేముంది! ఆయన చెప్పిన ఖర్చు కారు ధరలో సగం దాటింది. పైగా మార్చిన సంగతి ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పి తీరాలి. చెప్పకపోతే రేపు యాక్సిడెంట్‌లో క్లెయిమ్ నిలబడదు.

అసలు కంపెనీ ఎయిర్‌బ్యాగుని పరీక్షించింది తను చేసిన కారులో. కోసి అతికించిన కారుని గోడకి గుద్ది చూసినవాళ్ళు ఎవరూ లేరు. హాస్పిటల్‌లో పనిచేసేదాన్ని, ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను.

మార్పిడి అసలే కూడదని అనను. పార్టులు దొరికే మోడల్ అయి, పని తెలిసిన ఇంజనీరు చూసి సర్టిఫికెట్ ఇస్తే, వీల్‌చైర్ కోసం ప్రత్యేకంగా అమర్చుకున్న బండి లాంటిదైతే ఆలోచించొచ్చు. ఇండియాకి తిరిగి వెళ్ళేవాళ్ళకి ఇంకో మాట. అక్కడికి తెచ్చే వాడిన కారు మూడేళ్ళ లోపుదై, కుడి స్టీరింగ్‌తోనే దిగాలి. గల్ఫ్ కారుని తీసుకెళ్ళి ఊళ్ళో మార్పిద్దామనే ఆలోచన పెట్టుకోకండి.

నేను ఏడాది గడువు అయ్యేదాకా జాగ్రత్తగా నడిపాను. కుడి కిటికీకి ముందుచూపు లెన్సు అతికించాను, ఓవర్‌టేక్ మానేశాను, ట్రాక్టర్ వెనకే పాకాను. తర్వాత అమ్మితే రియాద్‌లో వచ్చే ధరలో చాలా తక్కువ వచ్చింది. ఎడమ స్టీరింగ్ ఇక్కడ ఎవరికి కావాలి?

కాబట్టి చెల్లీ, మీవారు ఏమన్నా సరే, రోజూ నడిపేది నువ్వు, తేల్చాల్సింది నువ్వు. అక్కడే అమ్మెయ్యి. సౌదీ లైసెన్సు మీద ఇక్కడ పన్నెండు నెలలే నడపొచ్చు, తర్వాత టెస్టు పాసవ్వాలి. కారు డబ్బులో కొంత ఆ క్లాసులకి పక్కన పెట్టుకో. నువ్వు కష్టపడి నేర్చుకున్న డ్రైవింగ్ నీతోనే వస్తుంది, దానికి ఓడ అక్కర్లేదు. దిగాక ఫోన్ చెయ్యి. మొదటి నాలుగు ఆదివారాలు నీ పక్క సీట్లో నేను కూర్చుంటాను.