పేరు గొప్ప, పదును దిబ్బ: బెజవాడ ఉక్కలో ఏ పాకెట్ చాకు నిలబడుతుంది?

ఫోన్ రివ్యూల మధ్యలో చాకుల గోల ఏంటి అనుకోకండి. పవర్ బ్యాంకు, టార్చి, మల్టీటూల్ మూడూ ఇప్పుడు ఒకే వీడియోలో కనిపిస్తున్నాయి. దానికి 'ఎవ్రీడే క్యారీ' అని ఒక పేరు. కొలరాడోలోనో, జర్మనీలోనో తీసిన ఆ వీడియోలు చూసి మన కుర్రాళ్లు ఇయర్‌బడ్స్ డబ్బులు, ఒక్కోసారి బడ్జెట్ ఫోన్ డబ్బులు, చాకు మీద పెట్టేస్తున్నారు. పెట్టుకోండి, తప్పు లేదు. కానీ ఆ రివ్యూ చేసినాయన చల్లటి, పొడి ఊళ్లో అట్టపెట్టెలు కోసి మార్కులు వేశాడు. మనం మే నెలలో బెజవాడలో మామిడికాయ కోస్తాం. ఇక్కడ చాకుకి రెండే శత్రువులు: తేమ, పులుపు. ఈ రెండింటి దగ్గర పేరున్నవాళ్లు చాలామంది తేలిపోతారు.

మొదట ఒపినెల్ సంగతి. 1890లో ఫ్రాన్సులోని సవోయ్ కొండల్లో జోసెఫ్ ఒపినెల్ మొదలుపెట్టిన చాకు ఇది. బీచ్ చెక్క పిడి, సన్నటి బ్లేడు, 1955లో చేర్చిన తిరిగే రింగు లాక్. డిజైన్ ఎంత సింపుల్‌గా ఉంటుందంటే మ్యూజియంలో పెట్టినా నేను ఆశ్చర్యపోను. నంబర్ 8 సైజు అందరికీ ఫేవరెట్. సమస్య ఏంటంటే, చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది. ఉబ్బిన పిడి బ్లేడుని పట్టేసుకుంటుంది, గోరుతో లాగినా రాదు. దీనికి సవోయ్ వాళ్ల దగ్గరే ఒక చిట్కా ఉంది. పిడి చివరని గట్టి చోట కొడితే బ్లేడు కొంచెం బయటికొస్తుంది. అంటే ఇది పుట్టిన ఊళ్లోనే తెలిసిన జబ్బు. ఆ కొండల్లోనే అలా ఉంటే, జూలై నుంచి నవంబర్ దాకా వాన, మిగతా రోజుల్లో చెమట ఉండే మన డెల్టాలో ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. మచిలీపట్నం వైపు అయితే ఉప్పుగాలి బోనస్.

ఇక దాని కార్బన్ స్టీల్ మోడల్. పదును అద్భుతం, ఒప్పుకుంటా. కానీ పచ్చి మామిడికాయ ముక్కలు కోశాక తుడవకుండా పక్కన పెట్టి చూడండి. బ్లేడు నల్లబడుతుంది, ముక్కకి ఇనుప రుచి అంటుకుంటుంది. తర్వాత తుప్పు. స్టెయిన్‌లెస్ మోడల్ తీసుకుంటే తుప్పు బాధ చాలావరకు పోతుంది, చెక్క బాధ పోదు. కొండ మీద రొట్టె, చీజ్ కోసుకునేవాడికి పదికి తొమ్మిది. నూజివీడు రసాల సీజన్లో నా మార్కు ఐదు.

బక్ 110ది ఇంకో కథ. 1964లో వచ్చింది. వెనక లాక్ ఉన్న మడత చాకు అంటే ప్రపంచానికి ఇదే గుర్తొస్తుంది. కానీ బరువు 200 గ్రాములు! పిడి రెండు చివర్లా ఇత్తడి. మన చెమట తగిలితే ఇత్తడి ఏమవుతుందో మీకు చెప్పాలా? చిలుము పడుతుంది. అమ్మ ఇత్తడి బిందెని చింతపండుతో తోమినట్టు మీరు వారానికోసారి చాకు తోముకోవాలి. చెప్పడానికి ఇది పాకెట్ నైఫ్, నిజానికి బెల్టుకి తగిలించుకునే వస్తువు. ఆఫీసుకి బెల్టు మీద చాకు పెట్టుకుని వెళ్తే ఏమవుతుందో సెక్యూరిటీ గార్డుని అడగండి.

లెదర్‌మ్యాన్ వేవ్ గురించి రాస్తే తిట్లు తప్పవని తెలుసు. 1998లో వచ్చిన డిజైన్, ఇప్పుడు వేవ్ ప్లస్. దాని బరువు 241 గ్రాములు. గెలాక్సీ ఎస్24 అల్ట్రా 232 గ్రాములు అంటేనే 'ఇటుక' అన్నారు కదా, మరి దీన్నేమనాలి? పటకారుగా అది చాలా మంచి పనిముట్టు. బైక్ మీద తిరిగేవాడికి, కేబుల్ పని చేసేవాడికి, ఆక్వా చెరువుల దగ్గర ఏరేటర్ మోటార్లు చూసుకునేవాడికి డబ్బు వసూలే. కానీ చాకుగా? 420హెచ్‌సీ స్టీల్ చెడ్డది కాదు, గొప్పదీ కాదు. పటకారు అవసరం లేనివాడు దీన్ని 'చాకు' అని కొనడం నాకు అర్థంకాదు.

స్విస్ ఛాంప్ అయితే నాలుగు కెమెరాల ఫోన్ లాంటిది. ఆ నాలుగో కెమెరా రెండు మెగాపిక్సెల్ మ్యాక్రో అని మనందరికీ తెలుసు. 33 ఫంక్షన్లు, 185 గ్రాములు. అందులో చేప పొలుసు గీకే పరికరం ఒకటి. బెజవాడ చేపల మార్కెట్లో శీలావతి కొంటే, కత్తిపీట ముందు కూర్చున్న ఆవిడ మీరు పర్సు తీసేలోపు పొలుసు గీకి ముక్కలు కొట్టి సంచిలో వేసేస్తుంది. ఆవిడ ముందు స్విస్ ఛాంప్ తీయండి, నవ్వుతుంది. అందులో నాకు నిజంగా నచ్చింది చిన్న గుండుసూది. సిమ్ ట్రే తీయడానికి భలే పనికొస్తుంది.

అదే కంపెనీ సైబర్‌టూల్ మనలాంటి వాళ్ల కోసమే అన్నట్టు ఉంటుంది. టార్క్స్ 8, 10, 15 బిట్లు ఉన్నాయి. డెస్క్‌టాప్, హార్డ్ డిస్కుల కాలానికి సూపర్. ఐఫోన్ అడుగున ఉండే ఐదు రేకుల పెంటలోబ్ స్క్రూకి మాత్రం అందులో బిట్ లేదు. అలాగని బ్లేడుతో ఫోన్ వెనక గ్లాసు లేపే ప్రయత్నం ఎవరూ చేయొద్దు. కింద లిథియం బ్యాటరీ ఉంటుంది, దానికి చాకు మొన తగిలితే మంటే. ఫోన్ విప్పడానికి ప్లాస్టిక్ ముక్క, విడి స్క్రూడ్రైవర్ సెట్ కొనండి. చాకు కంటే చవక.

స్టీల్ పేర్ల పిచ్చి గురించి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తికాదు. ఎస్30వీ, ఎం390, మ్యాగ్నాకట్... అచ్చం ప్రాసెసర్ పేర్లలాగే మాట్లాడుకుంటాం. కాఠిన్యం నంబరు మన అంటుటు స్కోరు. వీటిలో మ్యాగ్నాకట్‌కి నేను టోపీ తీస్తా. లారిన్ థామస్ అనే మెటలర్జిస్టు రూపొందించగా 2021లో వచ్చిన ఈ స్టీల్ పదును నిలుపుకుంటూనే తుప్పుని బాగా తట్టుకుంటుంది. డెల్టాకి సరిపోయే గుణం అది. కానీ మొద్దుబారాక? ఇంట్లో ఉన్న మామూలు సానరాయి మీద గంట రుద్దినా విసుగే మిగులుతుంది, డైమండ్ ప్లేట్ కావాలి. వీధిలో సైకిల్ మీద వచ్చి సాన పట్టే ఆయనకి ఇస్తే, ఆ చక్రం వేడికి సన్నటి అంచు దెబ్బతినొచ్చు. ఇక చవక లిస్టింగుల్లో బ్లేడు మీద చెక్కిన స్టీల్ పేరుని నమ్మడమంటే, మెమరీ కార్డు మీద 'రెండు టీబీ, ₹299' అని రాసుంటే నమ్మడమే. క్రెడిట్ కార్డులా మడిచే చాకులూ ఆ బాపతే. ప్లాస్టిక్ మడత అరిగాక బ్లేడు ఎటు తిరుగుతుందో చెప్పలేం.

అన్నిటికంటే పెద్ద మోసం 'సర్వైవల్' అనే మాట. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ చుట్టుపక్కల రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు జనానికి కావలసినవి ఏంటి? తాగే నీళ్లు, పాలు, పడవ, ఛార్జింగ్, తాడు. డ్రోన్లతో ఆహారం జారవిడిచారు. దిక్సూచి పిడిలో పెట్టిన రంపపు పళ్ల కత్తి ఆ వారం ఎవరికి ఏ పనికొచ్చేది? ఆ డబ్బుతో మంచి టార్చి, 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు కొనుక్కుంటే మీ మేడ మీద నలుగురికి ఉపయోగం.

మరి ఏం కొనాలి? నా ఓటు విక్టరినాక్స్ టింకర్‌కి. 91 మిల్లీమీటర్లు, దాదాపు 60 గ్రాములు. స్పార్టాన్‌లో కార్క్‌స్క్రూ ఉంటుంది, టింకర్‌లో ఆ స్థానంలో ఫిలిప్స్ స్క్రూడ్రైవర్. మన ఇళ్లల్లో ఏది పనికొస్తుందో చెప్పక్కర్లేదు. దీని స్టీల్ మెత్తన అని వీడియోల్లో వెక్కిరిస్తారు. కాఠిన్యం 56 చుట్టూ ఉంటుంది, నిజమే. కానీ తుప్పుకి లొంగదు, పింగాణీ కప్పు అడుగున ఉండే గరుకు అంచు మీద పదిసార్లు రుద్దితే పదును తిరిగొస్తుంది. ఒక లోపం ఉంది: లాక్ లేదు. కొబ్బరికాయ కన్ను పొడవడానికి దీన్ని వాడితే బ్లేడు వెనక్కి మడిచి వేళ్ల మీద పడుతుంది. ఆ పని మేకుతో చేయండి.

చట్టం సంగతి అడుగుతారు కాబట్టి: ఆయుధాల నిబంధనలు 2016లో లైసెన్సు జాబితాకి గీత 9 అంగుళాల పొడవు లేదా 2 అంగుళాల వెడల్పు దాటిన బ్లేడు దగ్గర గీశారు, ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవి మినహాయించి. టింకర్ ఆ దరిదాపుల్లో లేదు. కానీ గన్నవరంలో ఫ్లైట్ ఎక్కేటప్పుడు అది చెకిన్ బ్యాగులోనే ఉండాలి. మామిడికాయ కోశాక కడిగి, ఆరబెట్టి, మడత దగ్గర ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేయండి. కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్లకి జిగురు పట్టేస్తుంది.